ఆదివారం తగ్గే ఆయాసం, సోమవారం పెరిగే ఆయాసం

బేకరీలో పిండి కలిపే మనిషికి ఎలర్జీ ఆస్తమా వస్తే ఆ ఆయాసం సాధారణంగా వారం గడిచేకొద్దీ పెరుగుతుంది. సోమవారం పొద్దున తేలిగ్గా ఉన్న ఛాతీ గురువారానికి పట్టేస్తుంది. రాత్రుళ్లు పిల్లికూతలు మొదలవుతాయి. ఆదివారం సెలవు దొరికితే కాస్త తెరిపి. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే మనిషి మామూలైపోతాడు. నూలు మిల్లులో కార్డింగ్ (పత్తిని దువ్వే యంత్రం) దగ్గర పనిచేసేవాళ్లకు వచ్చే జబ్బు సరిగ్గా దీనికి తలకిందులు. సెలవు తర్వాత మొదటి రోజే వాళ్లకు గండం. సోమవారం షిఫ్టు ఎక్కిన కొన్ని గంటలకు ఛాతీ బిగుసుకుంటుంది. మంగళవారం కొంత తగ్గుతుంది. శనివారానికి దాదాపు మర్చిపోతారు. మళ్లీ సోమవారం వస్తుంది.

డాక్టర్ దగ్గర ఇద్దరూ చెప్పేది ఒకటే మాట: "దుమ్ము పడట్లేదండీ." చాలాసార్లు ఇద్దరికీ రాసిచ్చేదీ ఒకటే ఇన్హేలర్. లోపల జరుగుతున్నవి మాత్రం రెండు వేర్వేరు సంగతులు. ఏది ఎవరికి జరుగుతోందో తెలియాలంటే స్కానింగ్ కన్నా ముందు అడగాల్సింది వారాలు, వేళల గురించే.

ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జినీ 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రొట్టెలు కాల్చేవాళ్లు, పిండి మరల వాళ్లు, ధాన్యం జల్లించేవాళ్లు పడే దగ్గు, ఆయాసం అందులో ఉన్నాయి. రోగిని అడగాల్సిన ప్రశ్నల పాత జాబితాకు ఆయన ఇంకోటి చేర్చాడు: నువ్వు ఏం పని చేస్తావు? మూడు వందల ఏళ్లు దాటిపోయాయి. మన ఓపీ చీటీల మీద వయసు, బరువు, బీపీ రాయడానికి చోటుంటుంది, పని పేరు రాయడానికి చాలాచోట్ల ఉండదు. అమెరికా, యూరప్‌లకు చెందిన రెండు పెద్ద ఊపిరితిత్తుల వైద్య సంఘాలు 2019లో కలిసి లెక్కగట్టిన ప్రకారం, పెద్దవాళ్లలో వచ్చే ఆస్తమాలో సుమారు 16 శాతానికి పనిచేసే చోటే కారణం. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. ఆ ఒక్కరు ఎవరో అడగకుండా తెలిసే దారి లేదు.

మిర్చి ఘాటు ఎలర్జీ కాదు

ముందు ఈ చిక్కు విప్పాలి. గుంటూరు మిర్చి యార్డులోకి సీజన్‌లో అడుగుపెడితే ఎవరికైనా గొంతు మండుతుంది, కళ్లు కారతాయి, తుమ్ములు ఆగవు. దీన్ని చాలామంది ఎలర్జీ అనేస్తారు. నిజానికి మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల కొసల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని నేరుగా తడుతుంది. వేడి తగిలితే మేల్కొనేది కూడా అదే గ్రాహకం. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఇందులో రోగనిరోధక వ్యవస్థకు పాత్ర లేదు. అందుకే మొదటి రోజు వచ్చిన కొత్త హమాలీ కూడా దగ్గుతాడు. ఘాటు ఎంత ఎక్కువైతే దగ్గు అంత. బయటికొచ్చి కాసేపు నిలబడితే సర్దుకుంటుంది.

ఎలర్జీ ఇలా ఉండదు. మొదటి రోజు ఎవరికీ ఏమీ కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఈలోగా ఒళ్లు ఒక ప్రొటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుని, దానికి సరిపోయే ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఆ ప్రొటీన్ గాలిలో కొద్దిగా ఉన్నా చాలు, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. పక్కవాళ్లకు ఏమీ కాని మోతాదే ఈ మనిషిని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. "పదేళ్ల నుంచి ఇదే పని చేస్తున్నా, ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకొస్తుంది?" అని రోగి అడుగుతాడు. డాక్టర్ కూడా అదే అనుకుని పనిని లెక్కలోంచి తీసేస్తే అక్కడే పొరపాటు మొదలవుతుంది. అన్నేళ్లు చేసిన పని కాబట్టే అనుమానించాలి.

ఈ రెండింటి మధ్య మూడో రకం కూడా ఉంది. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉన్న మనిషి మిర్చి ఘాటులోనో పొగలోనో పనిచేస్తే జబ్బు ముదురుతుంది. ఆ జబ్బును తెచ్చింది పని కాదు, పెంచింది మాత్రం పనే. ఇక ఏ జబ్బూ లేని మనిషి క్లోరిన్ లాంటి వాయువు లీకైనప్పుడు ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పీల్చి, ఆ ఒక్క రోజుతోనే నెలల తరబడి ఆస్తమా తెచ్చుకోవడం కూడా ఉంది. 1985 నుంచి వైద్యశాస్త్రం దీన్ని విడిగా గుర్తిస్తోంది.

పిండి, రొట్టె

గోధుమ పిండి ఎలర్జీ ఆస్తమాకు ఉదాహరణగా ఎందుకు నిలిచిందంటే, అది తిండి కాబట్టి ఎవరూ అనుమానించరు. తినేదే కదా, పీలిస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, పిండి దుమ్ముతో ఆస్తమా వచ్చిన బేకరీ కార్మికుల్లో చాలామంది రొట్టె హాయిగా తింటారు, ఏమీ కాదు. కాల్చిన రొట్టె కడుపులోకి వెళ్లే దారి వేరు, పచ్చి పిండి గాలిలోంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే దారి వేరు. కాబట్టి "బన్ను తింటే ఏం కాలేదు" అనే మాట పిండిని నిర్దోషిగా తేల్చదు.

గోధుమ ప్రొటీన్లు ఒక్కటే కాదు. రొట్టె బాగా పొంగాలని కలిపే ఇంప్రూవర్ పొడిలో ఆల్ఫా ఎమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాన్ని ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజు నుంచి తీస్తారు. కలిపేది చెంచాలతో లెక్కే అయినా, ఎలర్జీ తెప్పించడంలో అది గోధుమకు ఏమాత్రం తీసిపోదు. డాక్టర్ గోధుమకు మాత్రమే చర్మ పరీక్ష చేసి, ఏమీ లేదని పంపించేస్తే అసలు దొంగ తప్పించుకున్నట్టే.

గాలిలో పిండి దుమ్ము ఎంత వరకు ఉండొచ్చు? బ్రిటన్‌లో చట్టపరమైన పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 10 మిల్లీగ్రాములు. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సిఫారసు చేసేది 0.5 మిల్లీగ్రాములు. రెండింటికీ 20 రెట్ల తేడా. రెండో అంకె కొత్తవాళ్లకు ఎలర్జీ మొదలవకుండా చూడాలన్న ఆలోచనతో పెట్టింది. ఇప్పటికే ఎలర్జీ వచ్చిన మనిషికి ఆ అంకె కూడా భరోసా ఇవ్వలేదు.

ఈ జబ్బు చాలామందిలో ముక్కు దగ్గర మొదలవుతుంది. తుమ్ములు, నీళ్లు కారడం, కళ్ల దురద. పనిలోకి దిగాక వస్తాయి, ఇంటికెళ్తే పోతాయి. ఆస్తమా ఆ తర్వాత నెలలకో ఏళ్లకో దిగుతుంది. పిండి గిర్నీలోనో బేకరీలోనో పనిచేసే మనిషి రోజూ "రొంప" అంటుంటే, జబ్బును సులువుగా ఆపగలిగిన కాలం అదే. ఆ కాలం ఎక్కువగా సిట్రజిన్ మాత్రలతో గడిచిపోతుంది.

రొయ్యల షెడ్డులో ఇద్దరు అనుమానితులు

ఆంధ్రప్రదేశ్‌కు ఈ విషయంలో సొంత లెక్క ఉంది. దేశంలో చెరువు రొయ్యలు ఎక్కువగా పండేది ఇక్కడే. భీమవరం, కాకినాడ, విశాఖ, నెల్లూరు చుట్టుపక్కల ప్లాంట్లలో తల తీయడం, ఒలవడం, నరం తీయడం లాంటి పనులు చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ చాలావరకు కాంట్రాక్టు కింద.

రొయ్యలో, పీతలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఉడికించినా చెడదు. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్లలో చాలామందికి పడనిది ఇదే. ఉడికించే గుండిగల ఆవిరితో పాటు ఇది గాలిలోకి లేస్తుంది. నేల, బల్లలు కడగడానికి ప్రెషర్ పైపుతో నీళ్లు కొట్టినప్పుడు సన్నటి తుంపరలతో లేస్తుంది. ఎయిర్ కొట్టి యంత్రాలు శుభ్రం చేసినప్పుడు కూడా లేస్తుంది. నీళ్లతో తడిసి ముద్దయిన షెడ్డులో దుమ్మెక్కడుంటుంది అనుకుంటాం. ఇక్కడ ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది తుంపర. కెనడాలోని క్విబెక్‌లో 1980లలో మంచు పీతల ప్లాంట్లలో 300 మందికి పైగా కార్మికులను పరీక్షిస్తే సుమారు 15 శాతం మందికి పని వల్ల వచ్చిన ఆస్తమా బయటపడింది. పీతలు ఉడికే చోటి ఆవిరే అక్కడ ప్రధాన నిందితుడు.

మన షెడ్డులో రెండో అనుమానితుడు ఉన్నాడు. రొయ్యల మీద నల్ల మచ్చలు రాకుండా చెరువులోంచి పట్టే సమయంలోనే సోడియం మెటాబైసల్ఫైట్ అనే పొడి కలిపిన నీళ్లలో ముంచుతారు. ఆ ద్రావణం నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది చాలా తక్కువ మోతాదులోనే శ్వాసనాళాలను బిగిస్తుంది. ఇది ఐజీఈ ఎలర్జీ కాదు, మంట పెట్టే వాయువు. దీనికి తోడు ఐస్ చల్లదనం, నేల కడిగే క్లోరిన్ వాసన. ఒకే ఆడమనిషికి ఒకే షిఫ్టులో ఇవన్నీ తగులుతాయి. ఆమె ఒలిచే బల్ల దగ్గర దగ్గుతోందా, ముంచే తొట్టి దగ్గరా, కడిగే వేళలోనా అన్నది అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. తొట్టి దగ్గరైతే గాలి ఆడేలా చేసి, పని చోటు మారిస్తే సరిపోవచ్చు. రొయ్య ప్రొటీనే పడకపోతే మాత్రం ఆ షెడ్డులో ఏ మూలకు మార్చినా లాభం తక్కువ.

చర్మ పరీక్షలో ఇక్కడో మెలిక. ట్రోపోమయోసిన్‌కు దగ్గరి చుట్టాలు బొద్దింకల్లో, ఇంటి దుమ్ములోని డస్ట్ మైట్లు అనే కంటికి ఆనని పురుగుల్లో ఉంటాయి. కాబట్టి పరీక్షలో రొయ్యకు పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ప్లాంటులోనే పుట్టిందని తేలదు. పనికీ ఊపిరికీ ఉన్న లంకెను విడిగా చూపించాలి.

సోమవారం సంగతి

పత్తి దుమ్ము జబ్బును బిసినోసిస్ అంటారు. ఇందులో ఐజీఈ ప్రసక్తి లేదు. పత్తితో పాటు వచ్చే ఆకు, తొడిమ ముక్కల మీద బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ బ్యాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వాపు తెస్తుంది. ముఖ్య కారణం అదేనని ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు ఒప్పుకునే మాట. రోజూ తగులుతుంటే ఒళ్లు కొంత అలవాటు పడుతుంది, ఒకటి రెండు రోజులు సెలవు వస్తే ఆ అలవాటు పోతుంది. సోమవారం మళ్లీ కొత్తగా తగిలినట్టే. మొదట్లో సోమవారాలకే పరిమితమైన బిగుతు కొన్నేళ్లకు వారమంతా పాకుతుంది. ఆ దశలో దీన్ని సిగరెట్ వల్ల శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే సీఓపీడీ నుంచి వేరు చేయడం కష్టం. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు పత్తి ప్రాంతాల్లో పనిచేసే డాక్టర్లు "సోమవారం ఎలా ఉంటుంది?" అని ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే చాలు.

అమెరికా 1978లో నూలు తయారీలో పత్తి దుమ్ముకు ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. ఖర్చు భరించలేమని మిల్లుల యజమానులు కోర్టుకెక్కారు. 1981లో సుప్రీంకోర్టు ఆ పరిమితినే నిలబెట్టింది. మిల్లులు యంత్రాలు మార్చాయి. అక్కడి మిల్లుల్లో బిసినోసిస్ బాగా పడిపోయింది.

రాత్రి జ్వరం, రాత్రి దగ్గు

కొన్ని జబ్బులు పనిచేసే చోట కనిపించనే కనిపించవు. చెరకు పిప్పిని నెలల తరబడి నిల్వ ఉంచితే బూజు, వేడిలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా పడతాయి. ఆ పిప్పి కదిపినప్పుడు లేచే దుమ్ము పీల్చిన మనిషికి నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం వస్తాయి. దీని పేరు బగాసోసిస్. ఊపిరితిత్తుల చివరనున్న గాలి గదుల్లో వచ్చే ఎలర్జీ ఇది, ఆస్తమా కాదు. పిల్లికూతలు మామూలుగా ఉండవు. ఇంటికెళ్లాక జ్వరం వస్తే ఎవరైనా మలేరియానో, టైఫాయిడో, న్యుమోనియానో అనుకుంటారు, పొద్దునకు తగ్గిపోతుంది. అదే పనిలో కొనసాగితే ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడతాయి. అప్పుడే ఆడించిన పచ్చి పిప్పితో ఈ గొడవ లేదు.

కారు పెయింటర్ల సంగతీ ఇలాంటిదే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల షెడ్లలో కొట్టే టూ-కే పెయింట్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఇవి ప్రొటీన్లు కావు, చిన్న రసాయనాలు. అయినా ఒంటి ప్రొటీన్లకు అతుక్కుని ఎలర్జీలా పనిచేస్తాయి. ఉబ్బసం ఒక్కోసారి పని ముగించిన చాలా గంటలకు, అర్ధరాత్రి వస్తుంది కాబట్టి పెయింట్ మీదకు అనుమానం పోదు. 1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసైనేట్ ఈ కుటుంబానిదే, కాకపోతే అక్కడ జరిగింది ఒక్క రాత్రిలో విషం కమ్మేయడం. ముఖానికి కట్టుకున్న గుడ్డ ఐసోసైనేట్ ఆవిరిని ఆపదు. దుమ్ము కోసం చేసిన ఎన్95 కూడా ఆ ఆవిరిని ఆపదు.

నాలుగు వారాల చార్టు

ఆస్పత్రిలో గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష, రోగి సెలవు పెట్టి వచ్చిన రోజు మామూలుగానే రావచ్చు. "అంతా బాగుంది, టెన్షన్ తగ్గించుకో" అని పంపించేయడం అప్పుడే జరుగుతుంది. దానికన్నా ఉపయోగపడేది పీక్ ఫ్లో మీటర్, ఊపిరి ఎంత వేగంగా బయటికి ఊదగలమో చూపించే కొన్ని వందల రూపాయల ప్లాస్టిక్ గొట్టం. రోజుకు కనీసం నాలుగు సార్లు ఊది అంకె రాసుకోవాలి. నాలుగు వారాలు రాయాలి, పని రోజులతో పాటు సెలవు రోజులు కూడా ఉండాలి. పని రోజుల్లో కిందికి, సెలవుల్లో పైకి పోయే గీత కనిపిస్తే నమూనా దొరికినట్టే. జబ్బు ముదిరిన వాళ్లకు ఒక్క ఆదివారం చాలదు, వారం పది రోజులు దూరంగా ఉంటేనే తేడా తెలుస్తుంది. పండక్కి ఊరెళ్లినప్పుడు ఎలా ఉందని అడగడం అందుకే అంత విలువైన ప్రశ్న.

మన దగ్గర వారాల తరబడి దగ్గు ఉంటే ముందు టీబీ చూస్తారు, చూడాల్సిందే. కానీ కఫం పరీక్షల్లో టీబీ లేదని తేలాక కథ అక్కడితో ఆగిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పిందంతా ఆ తర్వాత మొదలవ్వాల్సిన భాగం.

తొందర ఎందుకంటే, కారణమైన పదార్థానికి పూర్తిగా దూరమైనవాళ్లలో కూడా లక్షణాలు పూర్తిగా పోయేది సుమారు మూడింట ఒక వంతు మందికే. ఎంత త్వరగా దూరమైతే ఆ అవకాశం అంత ఎక్కువ. ఇన్హేలర్ వాడుతూ అదే పిండిలో కొనసాగితే మందు జబ్బును కప్పిపుచ్చుతుంది, లోపల నష్టం సాగుతూనే ఉంటుంది.

మాస్కు చివరి మాట

ఎవరైనా జబ్బు పడితే షెడ్డులో వినిపించే మొదటి మాట "మాస్కు పెట్టుకోలేదు." నాకు ఈ మాట నచ్చదు. ఓవెన్ల వేడిలో ఎనిమిది గంటలు బిగుతు మాస్కుతో ఉండమనేవాళ్లు ఒక గంట ఉండి చూపించాలి. దుమ్ము లేవకుండా చూడటం యజమాని పని. లేచింది ముక్కులోకి పోకుండా చూసుకోవడం కార్మికుడికి మిగిలే ఆఖరి పని.

1960లలో బ్రిటన్‌లో బట్టల సబ్బు పొడిలో ఎంజైములు కలపడం మొదలయ్యాక ఫ్యాక్టరీ కార్మికులకు ఆస్తమా వచ్చింది. 1969లో వైద్య పత్రికల్లో ఆ సంగతి బయటపడ్డాక కంపెనీలు ఎంజైమును పొడిగా కాకుండా పూత పూసిన గుళికలుగా మార్చాయి, యంత్రాలకు మూతలు బిగించాయి. కేసులు బాగా తగ్గాయి. గుళికలు ఉన్నాయి కదా అని మిగతా జాగ్రత్తలు సడలించిన చోట మాత్రం 1990లలో జబ్బు మళ్లీ తలెత్తింది. ఆస్పత్రుల్లో లేటెక్స్ (సహజ రబ్బరు) గ్లవ్స్ కథా ఇంతే. వాటి లోపల చల్లే పౌడరే లేటెక్స్ ప్రొటీన్‌ను గాలిలోకి మోసుకెళ్లేది. పౌడర్ లేని గ్లవ్స్ వచ్చాక నర్సుల్లో కొత్త ఎలర్జీలు బాగా తగ్గాయి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం బార్సిలోనాది. 1981 నుంచి 1987 దాకా ఆ నగరంలో 26 సార్లు ఉన్నట్టుండి జనం ఆస్తమాతో ఆస్పత్రులకు పరుగులు తీశారు. రేవులో సోయా గింజలు దించే రోజులకూ దీనికీ లంకె ఉందని 1989లో తేలింది. గోదాములకు ఫిల్టర్లు బిగించాక ఆ దాడులు ఆగిపోయాయి. నగరంలో ఎవరూ మాస్కు పెట్టుకోలేదు.

చిన్న బేకరీకి ఇంత ఖర్చు అక్కర్లేదు. బస్తాను ఎత్తు నుంచి కుమ్మరించకుండా తొట్టి అంచుకు ఆనించి మెల్లగా వంచడం. మిక్సర్‌కు మూత పెట్టి, పిండి తడిసే దాకా నెమ్మది వేగంలో తిప్పడం. బల్ల మీద పిండి విసరకుండా నూనె రాయడం. ఖాళీ సంచులు దులపకుండా మడిచి పెట్టడం. పొడి చీపురుకు బదులు తడి గుడ్డో వాక్యూమో వాడటం. ఎయిర్ కొట్టడం పూర్తిగా మానేయడం. రోజు మొత్తంలో పీల్చే పిండిలో పెద్ద వాటా ఇలాంటి కొద్ది నిమిషాల్లోనే లోపలికి పోతుంది.

కొందరు యజమానులు ఇంకో ఉపాయం చెబుతారు: ఎలర్జీ తత్వం ఉన్నవాళ్లను పనిలోకే తీసుకోకపోతే సరి. అది పనిచేయదు. అలాంటి తత్వం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పనిలో ఏ జబ్బూ రాదు, లేనివాళ్లలో కొందరికి వస్తుంది. అన్యాయంగా పని పోగొట్టడం తప్ప దానివల్ల ఒరిగేది తక్కువ.

కాగితం మీద హక్కు

కార్మికుడు జబ్బు దాచుకోవడానికి కారణం అజ్ఞానం కాదు. బయటపడితే ఉద్యోగం పోతుందన్న భయం. కానీ చట్టం అతని వైపు కొంత ఉంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో బిసినోసిస్, ఐసోసైనేట్ విషప్రభావం లాంటివి అధికారులకు తెలియజేయాల్సిన జబ్బులుగా ఉండేవి. రోగిని చూసిన డాక్టర్‌కూ ఆ బాధ్యత ఉండేది. అప్పటి దాకా ఉన్న ఈఎస్ఐ చట్టం మూడో షెడ్యూలులో పని వల్ల వచ్చే ఆస్తమా పేరుండేది. ఆ పదార్థంతో ఆరు నెలలు ఆగకుండా పనిచేసి ఆ జబ్బు తెచ్చుకుంటే, కాదని రుజువయ్యే దాకా పని వల్లే వచ్చిందని భావించాలని ఆ చట్టం చెప్పేది. ఈఎస్ఐ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ వృత్తి జబ్బుల జాబితా ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, ముగ్గురు నలుగురితో నడిచే బేకరీ, పిండి గిర్నీ, పెయింట్ షెడ్డు చాలావరకు వీటి కిందికి రావు. కాంట్రాక్టు మీద వచ్చి పోయేవాళ్ల దగ్గర ఆరు నెలలు వరసగా చేశామని చూపించే కాగితం ఉండదు.

అందుకే ఆస్పత్రికి వెళ్లిన మొదటి రోజే చీటీ మీద ఏం పని, ఏ పదార్థంతో, ఎన్నాళ్లుగా అన్నది డాక్టర్ చేత రాయించుకోవాలి. వేతనం పడిన బ్యాంకు పాస్‌బుక్ పేజీలు, ఈఎస్ఐ నంబరు, పీక్ ఫ్లో చార్టు ఒకే కవర్లో పెట్టుకోవాలి. ఇంప్రూవర్ ప్యాకెట్, హార్డెనర్ డబ్బా, తొట్టిలో కలిపే పొడి సంచి, ఏది వాడితే దాని లేబుల్‌ను ఫోన్లో ఫొటో తీసుకుని డాక్టర్‌కు చూపించాలి. ఏ పదార్థానికి పరీక్ష చేయాలో ఆయనకు తెలిసేది ఆ లేబుల్ చూశాకే.